గాలి పోయింది, తడి మిగిలింది: కాకినాడలో ఒక ఇంటి వాక్యూమ్ సీలర్ కేస్ స్టడీ

జులై మొదటి వారంలో మా వీధి చివరింటి పిన్నిగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, మిషన్‌లో సీల్ చేసిన ప్యాకెట్లు కొన్ని ఉబ్బాయి. ఒకసారి వచ్చి చూస్తావా?" ఆవిడ కంగారంతా ఉబ్బిన వాటి గురించే. వెళ్ళి అలమర తెరిచాక నాకు భయం వేసింది మాత్రం ఉబ్బకుండా, శుభ్రంగా, బిగుతుగా ఉన్న ఆరు ప్యాకెట్లను చూసి.

నేను కాకినాడ దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. వాక్యూమ్ ప్యాకింగ్, అంటే కవరులోంచి గాలి పీల్చేసి అతికించడం, నాకు రోజూ చూసే పని. కానీ ప్లాంటులో ప్యాకెట్ మూత పడగానే మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీకి వెళ్తుంది. ఉష్ణోగ్రత రాసుకునే మనిషి ఒకడు షిఫ్టంతా అదే పని మీద ఉంటాడు. ఇంట్లో ఆ ఏర్పాట్లేవీ ఉండవు, మిషన్ ఒక్కటే ఉంటుంది. ఈ మధ్య చాలా ఇళ్ళలో ఈ మిషన్ కనిపిస్తోంది కాబట్టి, పిన్నిగారు ఒప్పుకున్నాక, పేర్లు లేకుండా ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

ఇల్లు, మిషన్, సరుకు

పిన్నిగారు రిటైరైన టీచరు. బాబాయిగారికి బీపీ ఉంది. ఈ బీపీ సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు డల్లాస్‌లో. ఆగస్టులో కూతురు వచ్చి వెళ్తుంది కాబట్టి, ఏప్రిల్‌లోనే మిషన్ కొని జూన్ చివరికల్లా దాదాపు 40 ప్యాకెట్లు కట్టేశారు.

మిషన్ మామూలు ఇంటి రకమే. కవరు మూతిని గాడిలో పెట్టి మూత బిగిస్తే పంపు గాలి పీల్చుతుంది, ఆ తర్వాత వేడి తీగ కవరు రెండు పొరలనూ కరిగించి అతికిస్తుంది. దీనికి లోపలి వైపు గళ్ళు గళ్ళుగా ఉన్న కవర్లే కావాలి. నున్నటి కవరు పెడితే రెండు పొరలూ ఒకదానికొకటి అంటుకుపోయి గాలి బయటికి వచ్చే దారే ఉండదు. ఈ కవర్లలో నైలాన్ పొర ఒకటి, పాలిథిన్ పొర ఒకటి కలిసి ఉంటాయి. నైలాన్ ఆక్సిజన్‌ను ఆపుతుంది, పాలిథిన్ వేడికి అతుక్కుంటుంది. కిరాణా కొట్టు పాలిథిన్ కవరులోంచి ఆక్సిజన్ మెల్లమెల్లగా లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి దానితో ఈ పని జరగదు.

పెట్టె మీద 80 కిలోపాస్కల్ (ఒత్తిడి కొలత) అని రాసి ఉంది. మన చుట్టూ గాలి ఒత్తిడి సుమారు 101. అంటే అన్నీ సరిగ్గా ఉన్న రోజున కూడా లోపలి గాలిలో అయిదింట నాలుగు వంతులే పోతాయి, ఒక వంతు మిగులుతుంది. కొన్న వాళ్ళు ఎక్కువమంది గాలి పూర్తిగా పోయిందనే అనుకుంటారు.

ప్యాకెట్లలో ఎక్కువ భాగం వంటింటి పక్క స్టోర్ రూమ్ అలమరలో ఉన్నాయి. నేను థర్మామీటర్ పెట్టి చూస్తే మధ్యాహ్నం 33 డిగ్రీలు. ఇంకొన్ని ఫ్రిజ్‌లో, చేపలు మాత్రం ఫ్రీజర్‌లో.

బల్ల మీద పరిచాక

అన్నీ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాం. ముందు ఉబ్బిన వాటి సంగతి చూశాను.

ఉబ్బినవి మూడూ ఆవకాయ ప్యాకెట్లు. బెలూన్‌లా అయ్యాయి. ఎప్పుడు కట్టారని అడిగితే కలిపిన రోజు సాయంత్రమే అన్నారు. మూడో రోజు తిరగ కలపాలి కదా పిన్నిగారూ అంటే, "ప్యాకెట్లోనే ఊరుతుందనుకున్నానమ్మా" అన్నారు. ఉప్పు ఎంత వేశారంటే బాబాయిగారి వైపు చూశారు. బీపీ అని సగానికి సగం తగ్గించారట. ముక్కల్లోంచి నీరు ఊరింది, దాన్ని అదుపులో పెట్టేంత ఉప్పు లేదు, ఈస్టు పులియబెట్టింది, గ్యాస్ వచ్చింది. మామిడి పులుపు వల్ల ఆవకాయలో ప్రాణాంతకమైన క్రిములు పెరగవు. కాగితంతో చూస్తే పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 దగ్గరే ఉంది. కానీ రుచి పాడైంది. పైగా పీల్చేటప్పుడు నూనె సీల్ దాకా ఎగబాకి, అతుకు మధ్యలో సన్నటి ఎర్రటి గీతలా ఇరుక్కుంది. నూనె తగిలిన చోట పాలిథిన్ అతుక్కోదు. అక్కడి నుంచే ఒక ప్యాకెట్ కారడం మొదలుపెట్టింది.

కరివేపాకు పొడి, నల్లకారం ప్యాకెట్లు అయిదింటిలో మూడు వదులైపోయాయి. కారణం అదే, నూనెకు బదులు పొడి. గాలితో పాటు సన్నటి పొడి ఎగిరి అతుకు పడే చోట కూర్చుంటుంది. కంటికి సీల్ బాగానే పడినట్టు కనిపిస్తుంది కానీ గాలి మెల్లగా లోపలికి వస్తూ ఉంటుంది. ఎండుమిరపకాయల ప్యాకెట్‌కు అతుకు బాగానే ఉంది, కానీ తొడిమలు కవరును లోపలి నుంచి పొడిచేశాయి. ఆ కవరును లైటుకు ఎదురుగా పట్టుకుంటే సూది మొన అంత చుక్కలు నాలుగు కనిపించాయి.

పెసల ప్యాకెట్లు రెండు. ఒకటి రాయిలా గట్టిగా ఉంది, అందులో పురుగు లేదు. రెండోది వదులైంది, దాన్నిండా పుచ్చు పురుగులు. రెండూ ఒకే సంచిలోంచి తీసిన పెసలే. బాగున్న ప్యాకెట్‌లోంచి గుప్పెడు తెల్ల కాగితం మీద పోసి పిన్నిగారికి భూతద్దం ఇచ్చాను. కొన్ని గింజల మీద ఆవగింజలో నాలుగో వంతు కూడా లేని తెల్లటి చుక్కలు అతుక్కుని ఉన్నాయి. అవి గుడ్లు. పురుగు బయట నుంచి ప్యాకెట్‌లోకి దూరలేదు, కొట్టు నుంచే గింజతో పాటు వచ్చింది. ఆక్సిజన్ తగ్గిన చోట పిల్ల బతకలేదు, గాలి దూరిన చోట బతికింది. బియ్యంలో ముక్క పురుగుదీ ఇదే కథ, కాకపోతే అది గింజకు రంధ్రం చేసి లోపలే గుడ్డు పెడుతుంది కాబట్టి మనకు కనిపించదు.

కాజాల సంగతి చెప్పకుండా ఉండలేను. కాకినాడ గొట్టం కాజా ప్రాణమంతా లోపలి పాకంలోనే ఉంది. పంపు పీల్చేసరికి గొట్టం అణిగిపోయి, పాకం బయటికి వచ్చి మిషన్ గాడిలో చేరింది. జంతికలు నూకలయ్యాయి. గుల్లగా, పెళుసుగా ఉండేవి ఏవీ ఈ మిషన్‌కు పనికిరావు. వాటికి గట్టి డబ్బా, బిగుతు మూత చాలు.

ఫ్రీజర్‌లోని వంజరం ముక్కలు మాత్రం చాలా బాగున్నాయి. ఏప్రిల్‌లో పెట్టినవి మూడు నెలల తర్వాత తీసినా అంచులు తెల్లగా ఎండిపోలేదు, పాత నూనె వాసన లేదు. ఈ మిషన్ కొన్నందుకు అసలైన ఫలితం ఫ్రీజర్‌లోనే దక్కుతుందని నా అనుభవం. ఫ్రీజర్‌లో ముక్క పాడయ్యేది ముఖ్యంగా గాలి వల్లే. ఆ గాలినే ఇది తీసేస్తుంది.

ఫ్రిజ్‌లో ఒలిచిన వెల్లుల్లి కిలో ప్యాకెట్లు రెండు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, అలమర అడుగున ఉన్న ఆరు ప్యాకెట్లు బయటికి తీశాను.

చికెన్ పచ్చడి

ఒక్కొక్కటి పావు కిలో. హైదరాబాద్‌లో కొడుకు కోసం మే చివర్లో పెట్టి, సీల్ చేసి, అయిదు వారాలుగా 33 డిగ్రీల అలమరలో ఉంచారు. ప్యాకెట్ ఉబ్బలేదు. నూనె ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. "ఇవి మాత్రం ఎంత బాగా వచ్చాయో చూడు" అని పిన్నిగారు మురిసిపోతూ చూపించారు.

ఒక ప్యాకెట్ నేనే గ్లవ్స్ వేసుకుని కోశాను. ఎవరినీ రుచి చూడొద్దన్నాను. మసాలా గుజ్జు కొంచెం వేరుగా తీసి, ముక్క ఒకదాన్ని టిష్యూతో నూనె తుడిచి మధ్యకు విరిచాను. పైన గట్టిగా వేగి ఉంది, లోపల మెత్తగా, తడిగా ఉంది. వేలితో నొక్కితే టిష్యూ మీద చెమ్మ పడింది. ముక్క లోపలి భాగాన్ని చెంచాడు డిస్టిల్డ్ వాటర్‌తో నలిపి పీహెచ్ కాగితం ముంచాను. గుజ్జు 4.5 దగ్గర చూపించింది. ముక్క లోపలిది 5 దాటింది.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న 4.6 మా వృత్తిలో గీత లాంటిది. క్లాస్ట్రీడియం బోట్యులినం అనే క్రిమి మట్టిలో అంతటా ఉంటుంది. దాని బీజాలు, అంటే గట్టి పొరలో నిద్రపోతున్న రూపం, మరిగే నీటికి చావవు, ఒత్తిడి మీద 121 డిగ్రీల దాకా వెళ్తేనే చస్తాయి. మూకుడులో నూనె ఎంత కాగినా, తడి ఉన్నంతసేపూ ముక్క నడిమి వేడి 100 దాటదు. ఆ బీజం మొలకెత్తి విషం తయారుచేయడానికి కావలసినవి గాలి లేకపోవడం, తగినంత తడి, వెచ్చదనం, 4.6 కన్నా ఎక్కువ పీహెచ్. నాలుగూ ఆ ప్యాకెట్‌లో ఉన్నాయి. నిమ్మరసం చివర్లో, చల్లారాక కలిపారు. నూనె పట్టిన వేపుడు ముక్కలోకి పులుపు సరిగ్గా దిగలేదు.

ఆ ప్యాకెట్లలో విషం ఉందని నేను అనడం లేదు. పరీక్ష చేయించలేదు. ఉండడానికి ఏ అడ్డూ లేదని మాత్రం అంటున్నాను. ఆ విషానికి వాసన ఉండనక్కర్లేదు, రంగు మారనక్కర్లేదు, ప్రతిసారీ ప్యాకెట్ ఉబ్బాలనీ లేదు. తిన్న మనిషికి సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, తర్వాత ఊపిరి తీసే కండరాలు చచ్చుబడడం జరుగుతాయి. ఆ లక్షణాలు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

పిన్నిగారు వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి ఆవిడకు మంచి కారణాలే ఉన్నాయి. "జూన్‌లో ఒక ప్యాకెట్ మేమే తిన్నాం, ఏమీ కాలేదే" అన్నారు. ప్రతి ప్యాకెట్‌లోనూ బీజం ఉండదు పిన్నిగారూ, ఉన్న ఒక్కదాని గురించే నా టెన్షన్ అన్నాను. "తినే ముందు వేడి చేస్తే?" అని బాబాయిగారు అడిగారు. నిజానికి ఆ విషం బాగా మరిగిస్తే నశిస్తుంది. కానీ పచ్చడిని ఎవరు మరిగిస్తారు? వేడన్నంలో కలుపుకుని తింటారు, అంతే.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నేను మా ట్రైనింగుల్లో కూడా వినలేదు. "జాడీలోనైనా పైకి నూనె తేలేలా పోస్తాం కదమ్మాయ్. నూనె కింద మాత్రం గాలి ఎక్కడుంది? మా అమ్మ పెట్టిన పచ్చళ్ళకు లేని ప్రమాదం దీనికెందుకు?"

సరైన ప్రశ్న. నూనె కింద కూడా గాలి ఉండదు. తేడా మూడు చోట్ల ఉంది. వాళ్ళమ్మగారు ముక్కను గలగలలాడేదాకా, తడి అన్నది లేకుండా వేయించేవారు. ఇప్పుడు పిల్లలకు మెత్తగా కావాలని ముందే దించేస్తున్నాం. అప్పట్లో మాంసం పచ్చడి పెడితే వారం పది రోజుల్లో అయిపోయేది, నెలల తరబడి దాచేవారు కాదు. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. జాడీలో ఏదైనా తేడా వస్తే పైన బూజు కడుతుంది, వాసన వస్తుంది, మనం పారేస్తాం. బూజుకు గాలి కావాలి. మిషన్ ఆ గాలిని తీసేసింది కాబట్టి బూజు రాలేదు, వాసన రాలేదు. మనల్ని హెచ్చరించే వాటిని అది ఆపేసింది, మనకు తెలియకుండా చంపేదాన్ని ఆపలేదు. పైగా బిగుతుగా ఉన్న ఆ ప్యాకెట్ చూస్తే ఎవరికైనా ధీమా వస్తుంది. ఇంకో నెల ఉంచొచ్చనిపిస్తుంది.

పిన్నిగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే లేచి పెద్ద కవరు తెచ్చారు. ఆరు ప్యాకెట్లూ రెండు కవర్లలో చుట్టి, కుక్కలు పిల్లులు లాగకుండా ముడివేసి చెత్తలో పడేశాం. బల్లను, చాకును సబ్బుతో కడిగి బ్లీచింగ్ నీళ్ళతో తుడిచాం. కిలోన్నర పచ్చడి, ఒక పూటంతా పొయ్యి దగ్గర నిలబడి పెట్టింది. ఆ పని నాకూ కష్టంగానే అనిపించింది.

ఫ్రిజ్‌లోని వెల్లుల్లికీ అదే ప్రమాదం వర్తిస్తుంది. మట్టిలో పెరిగింది, పులుపు లేనిది, తడి ఉన్నది, గాలి తీసేశాం. ఆ ఫ్రిజ్ లోపల 8 డిగ్రీలు చూపించింది. ఈ క్రిమిలో కొన్ని రకాలు 3 డిగ్రీల దగ్గర కూడా పెరగగలవు. అందుకే ఆ రెండు ప్యాకెట్లూ చెత్తలోకే వెళ్ళాయి. పచ్చి పుట్టగొడుగులకు కూడా ఇదే జాగ్రత్త.

మార్చుకున్న పద్ధతి

అన్నిటికన్నా ముందు మార్చింది మిషన్ ముందు అడిగే ప్రశ్న. ఇది బాగా ఎండినదా, బాగా పుల్లనిదా, గడ్డకట్టించి ఉంచేదా? మూడింటిలో ఏదీ కాకపోతే ఆ వస్తువు అలమరలోకి వెళ్ళదు. పిన్నిగారు ఈ మాటను చాక్‌పీసుతో అలమర తలుపు లోపల రాసుకున్నారు, టీచరు కదా.

చికెన్, రొయ్యల పచ్చళ్ళు ఇప్పుడు పెట్టిన రోజే చల్లార్చి, 200 గ్రాముల ప్యాకెట్లుగా ఫ్రీజర్‌లోకి వెళ్తున్నాయి. తీసిన ప్యాకెట్ ఫ్రిజ్‌లో ఉంచి నాలుగైదు రోజుల్లో ముగించాలి. కొడుకు హైదరాబాద్ తీసుకెళ్ళాలంటే ఐస్ పెట్టెలో రాత్రి రైలెక్కి, దిగగానే మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టాలి. కూతురి కోసం మాంసం పచ్చళ్ళు అసలు పెట్టడం లేదు. మన దగ్గర నుంచి మాంసంతో చేసినవి అమెరికాలోకి రానివ్వరు.

ఆవకాయ పూర్తి ఉప్పుతో పెట్టి, బాబాయిగారు ముక్క తగ్గించుకోవాలని తేల్చాం. జాడీలో నెల ఊరాకే ప్యాకెట్లోకి, అది కూడా ప్రయాణం ఉంటేనే. ఇంట్లో తినడానికి జాడీకి మించింది లేదు. నింపే ముందు కవరు మూతిని చొక్కా చేయి మడతపెట్టినట్టు నాలుగు వేళ్ళ వెడల్పున బయటికి మడిచి, నింపాక మడత విప్పితే అతుకు పడే చోటు పొడిగా ఉంటుంది. తర్వాత ఆ కవరును రెండు గంటలు ఫ్రీజర్‌లో నిలబెడితే నూనె చిక్కబడి పైకి ఎగబాకదు. సీల్ రెండుసార్లు, ఒకదాని పక్కన ఒకటి. వరసగా కడుతుంటే తీగ వేడెక్కి కవరును కాల్చేస్తుంది కాబట్టి ప్యాకెట్‌కూ ప్యాకెట్‌కూ మధ్య అర నిమిషం ఆగాలి.

పొడులను ముందు పల్చటి కాగితం సంచిలో పోసి, దాన్ని కవరులో పెట్టి సీల్ చేస్తున్నారు. పొడి కాగితంలోనే ఆగిపోతుంది, గాలి మాత్రం వస్తుంది. మిరపకాయలకు తొడిమలు తీసేయడమో, ముందు ఒక గుడ్డలో చుట్టడమో. చేప ముక్కల ముళ్ళకు కూడా మడిచిన కాగితం అడ్డుపెడితే కవరు చిరగదు.

పెసలు, బియ్యం రెండింటినీ ముందు నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి గుడ్లు చావనిస్తారు. తీసిన వెంటనే కవరు విప్పకూడదు. చల్లటి గింజకు కాకినాడ గాలి తగిలితే చెమ్మ పడుతుంది, ఆ చెమ్మతో సీల్ చేస్తే ముక్కిపోతుంది. గది వేడికి వచ్చాకే విప్పి, సీల్ చేయాలి.

చేపల విషయంలో ప్లాంటులో మేము కచ్చితంగా పాటించేది ఒకటి ఇంట్లోనూ పెట్టించాను. కరిగించడానికి ఫ్రిజ్ కింది అరలో పెట్టే ముందే ప్యాకెట్ మూతి కోసేయాలి. చేపకు అంటుకుని ఉండే బోట్యులినం రకం చల్లటి చోట కూడా పెరగగలదు, కోసిన మూతిలోంచి గాలి తగిలితే దానికి అనుకూలం కాదు. పచ్చి చేప పెట్టిన కవరును కడిగి మళ్ళీ వాడడం మానేశారు.

కరెంటు గురించి కూడా మాట్లాడుకున్నాం. తుఫాను వచ్చినప్పుడు మా వైపు రోజంతా ఉండదు. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తెరవకుండా ఉంచితే రెండు రోజులు, సగం నిండింది ఒక రోజు గడ్డ నిలుపుతాయి. ఆ లోపు కరెంటు రాకపోతే చూడాల్సింది గడ్డ, ప్యాకెట్ బిగుతు కాదు. మధ్యలో ఐస్ పలుకులు తగులుతుంటే ఫర్వాలేదు. పూర్తిగా మెత్తబడి చల్లదనం తగ్గిపోతే, చూడ్డానికి ఎంత బాగున్నా పారేయాలి.

తర్వాతి ఆరు నెలలు

ఆగస్టులో కూతురితో వెళ్ళిన పొడులు, పండిన ఆవకాయ, నువ్వుండలు డల్లాస్ దాకా చెక్కుచెదరలేదు. ఒక గోంగూర ప్యాకెట్ సూట్‌కేస్‌లో మరో పెట్టె మూల తగిలి చిల్లుపడింది. అదృష్టం కొద్దీ దాన్ని ఇంకో కవరులో పెట్టి ఉన్నారు. కాజాలు డబ్బాలో వెళ్ళాయి.

ఇడ్లీ పిండి ఒకసారి ప్రయత్నించారు. రాత్రికి ఫ్రిజ్‌లోనే ఉబ్బింది. పులిసే దానికి ఈ మిషన్ వద్దని ఆవిడే తేల్చేశారు. కొత్తిమీర గాలి తీయగానే నలిగి మర్నాటికి నల్లబడింది, అది కూడా వదిలేశారు.

జనవరిలో, పండగ సరుకులు కట్టాక మళ్ళీ వెళ్ళాను. పిన్నిగారు నా కోసం ఆగకుండా ప్యాకెట్లన్నీ నీళ్ళ బకెట్‌లో ముంచి, రెండు చేతులతో నొక్కి బుడగలు వస్తున్నాయేమో చూసేశారు. పన్నెండింటిలో రెండు కారాయి. రెండూ మిషన్ కుడి చివర సీల్ చేసినవే. మూత తెరిచి చూస్తే ఆ చివర కవరును వేడి తీగ మీద నొక్కి పట్టే రబ్బరు పట్టీ అణిగిపోయి, గోరు అంత మేర పగిలి ఉంది. లోపల కాగితం సంచులు తడిసేలోపే తీసిన ఆ రెండు ప్యాకెట్ల కందిపొడిని ఆ వారం ఇంట్లోకి వాడేశారు. కొత్త పట్టీ ఆర్డర్ పెట్టారు. అది వచ్చేదాకా మిషన్‌కు గుడ్డ కప్పి అలమర పైన పెట్టారు.